పగటి అన్నం

నమోదు 1. పోలి పాడ్యమి

పూర్ణఘట కంపెనీ వాళ్ళ దినచర్యలో ఐదు ముఖాలుంటాయి. బాగా నవ్వేది, కొంచెం నవ్వేది, ఏ భావమూ లేనిది, ముడుచుకున్నది, ఏడ్చేది. పొద్దున్న లేవగానే అద్దం ముందు నిలబడి, మన ప్రాణం ఎలా ఉందో ఆ ఐదింటిలో ఒకదాన్ని వేలితో తాకి చెప్పాలి. చెప్పేదాకా కుళాయిలో నీళ్ళు రావు. డెబ్భై ఎనిమిదేళ్ళు బతికి, వైద్య కళాశాలలో ఫిజియాలజీ చెప్పి రిటైరైన నాకు నొప్పి చెప్పుకోవడానికి పసిపిల్లల బడిలో గోడబొమ్మలు ఇచ్చారు. అందుకే నా దినచర్య నేను వేరే రాసుకుంటున్నాను.

ఇవాళ తెల్లవారుజామున మా టవర్ ఆడవాళ్ళంతా సెల్లారులోకి దిగారు. సముద్రం పిఠాపురం దాకా వచ్చేశాక మా సెల్లారులో పోటుకు మోకాలిలోతు నీళ్ళు నిలుస్తాయి. కార్లు పెట్టుకోవడానికి కట్టింది, ఇప్పుడు అరటిదొప్పల్లో దీపాలు వదలడానికి పనికొస్తోంది. మా అక్కయ్య మాణిక్యాంబ కూడా రెయిలింగు పట్టుకుని దిగి, దీపం వదిలి, నెల నాళ్ళ ఉపవాసం ముగించింది. ఎనభై నాలుగేళ్ళు. పోర్టులో క్రేన్ల కంట్రోల్ గదిలో కూర్చుని కంటైనర్లను అగ్గిపెట్టెల్లా పేర్చిన మనిషి. కార్తీకమంతా పగలు మంచినీళ్ళతో గడిపి, చుక్క చూసి తినే మనిషి కూడా ఆవిడే. రెండూ ఎలా పొసుగుతాయని అడిగితే, "క్రేను నడిపింది నేను, నన్ను నడిపేది శివుడు, మధ్యలో నీకేం పనిరా చంటీ?" అంటుంది. ఈ భూమ్మీద నన్ను చంటి అని పిలిచే ఆఖరి మనిషి. ఆవిడ భర్తా, నా భార్యా పోయాక ఇద్దరం ఒక ఫ్లాట్‌లోకి చేరాం.

మధ్యాహ్నం వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుంది. నెల్లాళ్ళుగా ఎదురుచూసిన ముద్ద. నాలుగు ముద్దలు తిని, ఐదోది చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమట. పంచదార నీళ్ళు పట్టాను. కళ్ళు తెరిచి, "మాగాయ వెయ్యరా" అని, మళ్ళీ సోలిపోయింది. సాయంత్రానికి తనంతట తనే తేరుకుంది.

అద్దాన్ని అడిగాను. అక్కయ్య ఒంట్లో కంపెనీ పెట్టిన కాపరి సక్రమంగా పనిచేస్తోందని చెప్పి, నవ్వే ముఖం చూపించింది.

నమోదు 2

నిన్న మా టవర్లో పడిపోయింది అక్కయ్య ఒక్కతే కాదు. కింది అంతస్తులో కార్తీకమంతా పగలు పస్తున్న పెద్దాయన పడ్డాడు. ఎదురు ఫ్లాట్ దంపతులిద్దరూ పడ్డారు. అందరూ మధ్యాహ్నం, అందరూ అన్నం ముందు. నేను మాత్రం పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఔన్సు బ్రాందీ పుచ్చుకుని నిక్షేపంగా ఉన్నాను.

కాపరి అంటే కుడి డొక్క కింద తాటిముంజంత గ్రంథి. మన చర్మం నుంచే గిన్నెలో పెంచి మన ఒంట్లో పెడతారు. రాత్రింబవళ్ళు రక్తాన్ని చూస్తూ ఇన్సులిన్ కావాలంటే ఇన్సులిన్, బీపీ దించాలంటే దానికి తగ్గ రసం, తనే ఊరిస్తుంది. అది వచ్చాక బిళ్ళలు చేసే కంపెనీలు మూతపడ్డాయి. ఇప్పుడు బీపీ బిళ్ళ ఒకటి కావాలంటే మ్యూజియంలో అడగాలి. మధుమేహం నాకూ ఉంది, ఇష్టంలేక ఇష్టంలేక నేనూ పెట్టించుకున్నాను. వేరే దారి మూసేసి, ఉన్న దారికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం వీళ్ళ విద్య.

సాయంత్రం అద్దంలో డాక్టర్ ఓగిరాల కామేశం ప్రత్యక్షమయ్యాడు. పూర్ణఘట కంపెనీకి ప్రధాన వైద్యుడు. "నెల రోజులు ఉపవాసం ఉండి ఒక్కసారిగా అతిగా భోంచేస్తే కళ్ళు తిరగడం సహజం. మితంగా తినండి" అన్నాడు.

నాలుగు ముద్దలు అతి అట.

కామేశం నాకు కొత్త కాదు. కాలేజీలో నా వెనక బెంచీ. నా భుజం మీదుగా చూసి పరీక్షలు రాసినవాడు. ప్రాక్టీసు పెట్టాక ఏ కంపెనీ పెన్ను జేబులో ఉంటే ఆ కంపెనీ మందు రాసేవాడు. పెన్ను మారితే రోగం మారేది. ఇన్నేళ్ళలో ఒక్క పుస్తకం చివరిదాకా చదివిన పాపాన పోలేదు. పుస్తకాలు చదివినవాళ్ళం పాఠాలు చెప్పుకుంటూ పోయాం, చదవనివాడు ప్రధాన వైద్యుడయ్యాడు. లోకంలో ఇదేం వింత కాదు, కానీ నేను వింతగానే చూస్తాను. అలవాటు పడితే వాడు గెలిచినట్టు.

నమోదు 3

పరీక్ష చేశాను. అక్కయ్య మూడు రోజులు పగలు తింది, మూడు రోజులూ పడిపోయింది. ఆ తర్వాత పగలు మానేసి చీకటి పడ్డాక తింది. ఏమీ కాలేదు.

"శివుడికి నా ఉపవాసం ఇంకా కావాలి కాబోలు" అంది.

"శివుడికి కాదు, కంపెనీకి" అన్నాను.

సంగతి నాకు బోధపడింది. కాపరి ఒంట్లోకి వచ్చిన మొదటి నెల ఏమీ చెయ్యదు, చూస్తూ ఉంటుంది. ఆ నెల మనిషి ఎలా ఉంటే అదే ఆరోగ్యమని నేర్చుకుంటుంది. ఆ తర్వాత జన్మంతా ఆ పాఠమే. మార్చుకోవడం దానికి తెలియదు. ఒకసారి చదివిన పాఠంతో జీవితమంతా గడపడంలో అచ్చం కామేశం లాంటిదే.

మరి ఈ కాపరులను మా అందరికీ ఎప్పుడు పెట్టారు? దీపావళి మర్నాడు. కార్తీక శుద్ధ పాడ్యమి. ఆషాఢంలో మొదలెడితే ఎవరూ రారని, ముహూర్తం బాగుందని, టవర్ నిండా దీపాలుంటే ఫోటోలు బాగుంటాయని. 'కార్తీకంలో కాపరి' అని సముద్రం మీద వెలుగు బొమ్మ కూడా ఎగరేశారు. ఇప్పటికీ రోజూ సంధ్యవేళ ఎగరేస్తూనే ఉన్నారు, కుండ ఆకారంలో ఒక దీపం. అక్కయ్య దాన్ని దొంగ చుక్క అంటుంది.

ఊరు ఊరంతా పగలు పస్తుండే నెలలో, ఆరోగ్యమంటే ఏమిటో నేర్చుకోమని గ్రంథిని కూర్చోబెట్టారు. అది బుద్ధిగా నేర్చుకుంది. పగలు రక్తంలో అన్నం కనిపిస్తే అది దానికిప్పుడు జబ్బు. ఉన్న ఇన్సులిన్ అంతా కుమ్మరించి ఆ జబ్బు నయం చేస్తోంది. నా కాపరి మాత్రం ఆ నెలంతా పెసరట్టూ, భోజనమూ, బ్రాందీ చూసింది. నాస్తికుడిగా బతికినందుకు నాకు దక్కిన మొదటి లాభం ఇది.

కాపరులు పెట్టేముందు జరిగిన సభలో నేను లేచి అడిగాను. "మొదటి నెల మనిషి మామూలుగా ఉండకపోతే మీ గ్రంథి ఏం నేర్చుకుంటుంది?" కామేశం మైకు తీసుకుని, "సోమయాజులు గారికి పెళ్ళికి పిలిస్తే పంచాంగంలో తప్పులు కనిపిస్తాయి" అన్నాడు. అంతా నవ్వారు. అక్కయ్య కూడా నవ్వింది. తర్వాత కామేశం తనే మొదటి కాపరిని పెట్టించుకుని, మెడలో రుద్రాక్షలతో, ఈ నెలంతా తనూ నక్తం ఉంటానని ప్రకటించాడు. ప్రతి సోమవారం భార్య సుభద్రమ్మతో కలిసి దీపం వెలిగించి చుక్క చూసి తినడం మా అద్దాలన్నింటిలో చూపించారు.

నమోదు 4. పుష్యం

కంపెనీ ఆఫీసు మా టవర్లోనే పన్నెండో అంతస్తు. వెళ్ళాను. వ్యవస్థాపకుడు నిశ్చల్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, పట్టుపంచె మీద పరుగుపందెం బూట్లు. పక్కన కామేశం. ఒక మూల కాపరులను పెట్టే సర్జన్ షాహీన్. నా దగ్గర చదువుకున్న పిల్ల.

"మీ గ్రంథి తప్పు నేర్చుకుంది" అన్నాను.

"అంకుల్, మేం తప్పు అనే మాట వాడం. అనుభవం అంటాం" అన్నాడు నిశ్చల్.

"సరే. మా అక్కయ్య రోజూ మధ్యాహ్నం ఒక అనుభవం కలిగి కింద పడుతోంది."

కామేశం కుర్చీలో వెనక్కి వాలాడు. "పగలు తినకపోతే సరిపోతుంది కదా సోమయాజులూ. మన పెద్దలు చెప్పిందీ అదేగా. ఒక పూట తింటే యోగి."

"ఆ సామెత సగమే చదివావు. రెండు పూటలు తింటే భోగి. మా అక్కయ్య యోగినిగా చేరలేదు, మధుమేహానికి చేరింది."

దారి ఉందని కూడా చెప్పాను. ఈ కంపెనీయే మొదట్లో ఎలుకల మీద చేసి అచ్చేసిన పేపరు నేను చదివాను. నేర్చుకున్న గ్రంథిలోంచి ముక్క కోసి ఇంకోదాని పక్కన పెడితే, కొన్ని వారాల్లో ఆ ముక్క కరిగిపోతుంది, కానీ దాని పాఠం రెండోదానికి ఎక్కుతుంది. పాలలో తోడు వేసినట్టు. ఎవరిదైనా ఎవరికైనా పనిచేస్తుంది. "సరిగ్గా నేర్చుకున్న కాపరి నాది ఉంది. అక్కయ్యకి తోడు వెయ్యండి. ఆవిడది తోడుకున్నాక దాంట్లోంచి ఇంకొకరికి. ఇంటి నుంచి ఇంటికి పోతుంది."

షాహీన్ తలెత్తి చూసింది. ఆ పేపరు రాసినవాళ్ళలో ఆమె ఒకతె అని నాకు తెలుసు.

కామేశం నవ్వు మాయమైంది. "సరిగ్గా నేర్చుకున్న కాపరి అంటే, సరిగ్గా నేర్చుకోనివి ఉన్నాయనేగా అర్థం. ఆ మాట బయటికి పోతే రేపు రాష్ట్రమంతా పొట్టలు పట్టుకుని వస్తారు."

"కంపెనీ దారిలోనే ఉంది అంకుల్" అన్నాడు నిశ్చల్, గోడ మీద ఒక బొమ్మ వెలిగిస్తూ. పగలు తినకుండా ప్రశాంతంగా నవ్వుతున్న ముసలమ్మ. కింద పెద్ద అక్షరాలు: నిత్యకార్తీకం. "ఏడాది పొడుగునా నక్తం. కాపరి, సంప్రదాయం, రెండూ కలిసి. మాఘ పౌర్ణమికి మొదలెడుతున్నాం."

గ్రంథి తప్పు నేర్చుకుంటే దాన్ని మార్చరట. పంచాంగాన్ని మారుస్తారట.

నమోదు 5

షాహీన్ సాయంత్రం ఇంటికి వచ్చింది. అక్కయ్యను తూచింది, నాడి చూసింది, కనురెప్పలు చూసింది. నన్ను బాల్కనీలోకి పిలిచింది.

"రాత్రి ఒక్క పూట ఈవిడ ఒంటికి సరిపోదు సార్. కండ కరిగిపోతోంది. ఇలా సాగితే ఉగాదికి ఉంటారని చెప్పలేను."

"గ్రంథి తీసేస్తే?"

"సొంత క్లోమం ఎప్పుడో పని మానేసింది సార్. బయట ఇన్సులిన్ లేదు. తీసేస్తే వారం."

లోపల్నుంచి అక్కయ్య అరిచింది. "గుసగుసలెందుకర్రా? చావు సంగతేగా. కార్తీకంలో పోతే కైలాసం అనేవారు. ఇలా మాఘంలో తీసుకుపోతే ఏం లాభం?" కాస్త ఆగి, "పోయేలోగా ఒక్కసారి పగలు అన్నం తినాలే అమ్మాయ్. వేడిగా" అంది.

షాహీన్ ఆవిడ పక్కన కూర్చుంది. "మా మేనమామకి రంజాన్ నెలలో పెట్టారమ్మా, గుంటూరులో. ఆయన కూడా అంతే. పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు అయ్యాక తింటే బాగుంటాడు, పగలు తింటే పడిపోతాడు. మా మామూ ఏమంటాడంటే, అల్లా ఇచ్చిన పండగ కూడా తిననివ్వడం లేదే మీ కంపెనీ అని."

"మా శివుణ్ణీ మీ అల్లానీ ఒక్క దెబ్బకి లొంగదీసుకున్నారు" అంది అక్కయ్య.

తోడు వెయ్యడం షాహీన్‌కు చేతనవును. కానీ గది, పరికరాలు, కాపరులను నిద్రపుచ్చే మీటలు, అన్నీ కంపెనీవి. కామేశం సంతకం లేకుండా ఏదీ కదలదు. ఇంకో మాట కూడా చెప్పింది. నాలోంచి సగం కొయ్యాలి. నా వయసులో అది మళ్ళీ పెరగదు. మిగిలిన సగం గ్రంథి రోజంతా తిండిని మొయ్యలేదు.

"ఆలోచించుకోండి సార్."

ఆలోచించడానికేముంది. ఆవిడ పోతే ఈ ఇంట్లో నాతో పోట్లాడేవాళ్ళుండరు, పెసరట్టు పోసేవాళ్ళుండరు. రెంటిలో పెసరట్టే ముఖ్యమని అక్కయ్యకు చెప్పాను. నమ్మినట్టు కనబడింది.

నమోదు 6. మాఘ పౌర్ణమి

ఇవాళ టవర్ హాల్లో నిత్యకార్తీకం ప్రారంభం. పొద్దున్న పదకొండింటికి సభ. వేదిక పక్కన బల్ల మీద పులిహోర, దద్ధ్యోజనం, బూరెలు. కెమెరాల కోసం. హాలు నిండా జనం, మూడొంతులు ముసలివాళ్ళు, ఒక్కరూ ఆ బల్ల వైపు చూడలేదు. పూర్వం మన సభల్లో ఉపన్యాసం వైపు చూసేవారు కారు, పులిహోర వైపే చూసేవారు. ఇంతటి మార్పు ఏ సంస్కర్త వల్లా కాలేదు.

నిశ్చల్ ఆరోగ్యభవిష్యత్తు గురించి మాట్లాడాడు. కామేశం మన ఋషుల గురించి మాట్లాడాడు. తన ఉపవాస నియమాన్ని వర్ణించాడు. ముందు వరసలో సుభద్రమ్మ కూర్చుంది. మనిషి చిక్కి సగమైంది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆమె పక్కనే మా అక్కయ్య.

"సందేహాలుంటే అడగండి" అన్నాడు కామేశం. నన్ను చూసి, "సోమయాజులు గారు తప్ప" అన్నాడు. నవ్వారు.

నేను అడగలేదు. బల్ల దగ్గరకు వెళ్ళి, ఆకులో పులిహోర రెండు గరిటెలు వేసుకుని, వేదిక ఎక్కి, కామేశం ముందు పెట్టాను.

"సందేహం లేదయ్యా. నువ్వు ప్రధాన వైద్యుడివి. కాపరిలో లోపం లేదంటున్నావు. నీకూ అదే రోజు పెట్టారు. తిను. తిని ఇక్కడే కూర్చో. నేను నోరు మూసుకుంటాను."

కామేశం ఆకు వైపు చూశాడు. నా వైపు చూశాడు. అర్థమైంది వాడికి. ఇన్నేళ్ళలో నా ప్రశ్న వాడికి మొదటిసారి అర్థమైంది. తినకపోతే కాపరి చెడ్డదని ఒప్పుకున్నట్టు. తిని పడిపోయినా అంతే. మూడోది ఒకటుంది. అదేమిటో ఆ హాల్లో మా ఇద్దరికే తెలుసు. వాడి పొట్ట చూసినవాడెవడికైనా తెలిసేదే, కానీ భక్తి ఉన్నచోట పొట్టను ఎవరూ చూడరు.

నిశ్చల్ కెమెరాల వైపు చూస్తూ, "తినండి సార్, పర్లేదు" అన్నాడు. పాపం, వాడికి ఏమీ తెలియదు.

కామేశం తిన్నాడు. మొదట మెల్లగా, తర్వాత మామూలుగా. జీడిపప్పు ఏరుకుని మరీ తిన్నాడు. చెయ్యి తుడుచుకుని కూర్చున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. పోలి పాడ్యమినాడు అక్కయ్య ఐదో ముద్దకే ఒరిగిపోయింది. వీడు ఆకు ఖాళీ చేసి, కాసేపటికి కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చూశారుగా. ఏమైంది? ఏమీ కాలేదు" అన్నాడు మైకులో.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలోంచి సుభద్రమ్మ మెల్లగా అడిగింది. "మీకేమీ కాలేదేమండీ?"

"అదే కదా చెబుతున్నాను, కాపరిలో లోపం..."

"నాకు రోజూ కళ్ళు తిరుగుతున్నాయి కదా. ఇద్దరికీ ఒకే రోజు పెట్టారు. ఇద్దరం ఒకే నెల ఉపవాసం ఉన్నాం."

"ఉన్నది నువ్వమ్మా" అంది మా అక్కయ్య.

ఆ మాట వెనక వరసల దాకా పాకడం నేను కళ్ళారా చూశాను. ఒకావిడ పక్కావిడ చెవిలో చెప్పింది. ఆవిడ వెనక్కి తిరిగింది. ఎవరో మగగొంతు, "పన్నెండో అంతస్తులో క్యాంటీనుందిగా" అంది. సుభద్రమ్మ లేచి నిలబడింది. "సోమవారాలు కూడానా?" అని మాత్రం అడిగింది. కామేశం మైకు ఆపేశాడు.

రెండున్నర నెలలుగా అంతస్తు అంతస్తుకీ తిరిగి గ్రంథి ఎలా నేర్చుకుంటుందో వివరించాను. బొమ్మలు గీసి చూపించాను. "పెద్దవారు, ఏదో చెబుతారు" అని మజ్జిగ ఇచ్చి పంపేవారు. ఇవాళ ఒక్క ఆకు పులిహోరతో మొత్తం ఫిజియాలజీ అందరికీ వచ్చేసింది. కాపరి తప్పును వీళ్ళు క్షమించేవారు. కార్తీక సోమవారం దొంగతిండిని క్షమించరు. సైన్సుకు ఈ దేశంలో ఇంకే దారీ లేదని తెలిసి ఆ దారినే పోయాను. గర్వంగా లేదు. బాగుంది మాత్రం.

నమోదు 7

మర్నాడు పొద్దున్న మా టవరంతా అద్దాల్లో ఏడుపు ముఖం నొక్కింది. ఎవరు మొదలెట్టారో తెలియదు. అక్కయ్య మాత్రం ఆ తెల్లవారుజామున కర్ర పట్టుకుని మెట్ల మీద తిరుగుతూ కనిపించింది. ఆ తర్వాతి రోజూ ఏడుపే. ఆ ముఖాలను చూసే పెట్టుబడిదారులు కంపెనీకి డబ్బిస్తారట. ఆ ముఖాలు అసలు చదివేవాళ్ళు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

మూడో రోజు నిశ్చల్ ఇంటికి వచ్చాడు, బూట్లు బయట విప్పి. 'స్నేహకాపరి' అనే కొత్త పథకం తనకు తట్టిందన్నాడు. ఒకరి కాపరి నేర్పు ఇంకొకరికి పంచడం.

"ఇది నీకు ఎప్పుడు తట్టింది నాయనా?" అన్నాను.

"నిన్న అంకుల్. ధ్యానంలో."

అక్కయ్య నా మోకాలు గిల్లింది. కామేశం సంతకం పెట్టాడట. ఆ సంతకం కూడా పక్కవాళ్ళను చూసే పెట్టి ఉంటాడు.

"శుక్రవారం ఆపరేషన్ పెట్టాం" అన్నాడు నిశ్చల్.

"శుక్రవారం ఇంట్లోంచి తోడు బయటికి ఇవ్వకూడదు" అంది అక్కయ్య.

"ఇస్తున్నది నేను, పుచ్చుకునేది నువ్వు, ఉన్నది ఒకటే ఇల్లు" అన్నాను.

"అయినా సరే."

ప్రాణం పోతుంటే వారం చూసే మనిషితో వాదించడానికి నాకు ఓపిక లేకపోయింది. షాహీన్‌కు కబురు పెడితే, "మాకు ఇలాంటివి బోలెడున్నాయి సార్, బుధవారం చేద్దాం" అంది.

నమోదు 8. చైత్రం

ఉగాది వెళ్ళింది. అక్కయ్య ఉంది.

ఇవాళ మధ్యాహ్నం వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుంది. షాహీన్ పక్కనే కూర్చుని చూసింది. ఐదో ముద్ద తింది. ఆరోది తింది. "మాగాయ వెయ్యరా" అంది. వేశాను. కంచం ఊడ్చి, వేళ్ళు నాకి, "ఉప్పు ఎక్కువైంది" అంది. కృతజ్ఞత మా వంశంలో లేదు.

సాయంత్రం ఇంకో సంగతి బయటపడింది. దీపం పెట్టే వేళకు అక్కయ్యకు చేతులు వణికాయి. వత్తి అంటుకోలేదు. షాహీన్ నన్ను అనుమానంగా చూసింది. "సార్, మీ కాపరి మొదటి నెలలో సాయంత్రం పూట ఏం చూసింది?"

చెప్పాను. షాహీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా పాఠమంతా అక్కయ్యకు ఎక్కింది, ఆఖరి పేజీతో సహా. నా బ్రాందీ సీసాను జీవితమంతా తిట్టిన మనిషికి చెంచాడు బ్రాందీ నీళ్ళలో కలిపి ఇచ్చాం. ముక్కు మూసుకుని తాగి, వణుకు తగ్గాక దీపం వెలిగించి, దేవుడి వైపు తిరిగి, "వీడి పాపం, నాది కాదు" అని చెప్పుకుంది.

కామేశం కూడా సుభద్రమ్మకు తోడు ఇచ్చాడు. ఇవ్వక తప్పలేదు. ఆవిడ ఇప్పుడు తేరుకుంది. కానీ రోజూ పదకొండింటికీ, నాలుగింటికీ విపరీతంగా ఆకలి వేస్తుందట. వాడు కార్తీకంలో క్యాంటీనుకు ఏయే వేళల్లో ఎక్కాడో ఆవిడకు ఇప్పుడు కడుపే చెబుతోంది. సగం గ్రంథితో ఇప్పుడు పగలు తినలేని వాణ్ణి ఆ వేళలకు ఎదురుగా కూర్చోబెట్టుకుని తింటుందని విన్నాను. నేను వాడికి తలపెట్టిన ఏ శిక్షా ఇంత బాగా లేదు.

గుంటూరుకు కూడా తోడు వెళుతోంది. షాహీన్ మేనమామ బక్రీదుకు పగలు బిర్యానీ తింటానని కబురు పంపాడు.

నా సంగతి. మిగిలిన సగం గ్రంథికి పగలూ రాత్రీ మొయ్యడం చేతకాదు. పెసరట్టు తిన్న రోజున ఒళ్ళు తూలుతోంది. షాహీన్ చాలా మర్యాదగా చెప్పింది, పగలంతా ఆ సగాన్ని నిద్రపుచ్చి ఉంచాలని. ఇకనుంచి ఒక్కటే పూట. చీకటి పడ్డాక. ఎప్పటికీ.

అక్కయ్య విని, చాలాసేపు నవ్వింది. పొట్ట పట్టుకుని, కుట్లు లాగుతున్నాయని తిట్టుకుంటూ నవ్వింది.

నమోదు 9. కార్తీకం, మొదటి సోమవారం

పొద్దున్న అక్కయ్య తలస్నానం చేసి, దీపం పెట్టి, పెసరట్టు ముందు కూర్చుంది. తినకపోతే గంటలో కళ్ళు తిరుగుతాయి, నా కాపరి పాఠం అలాంటిది. అట్టు చుట్టూ నీళ్ళు తిప్పి, చెయ్యి ఆపింది. ఎనభై ఐదేళ్ళలో ఆవిడ కార్తీక సోమవారం పగలు తినడం ఇదే మొదలు.

"చల్లారిపోతుంది" అన్నాను.

"తెలుసులే." తింది. అల్లం ముక్క నమిలి, కళ్ళు తుడుచుకుంది. కారం వల్ల అంది. ఆవిడ నమ్మకాన్ని జీవితమంతా వెక్కిరించాను. దాన్ని తీసేసుకోవాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. వెక్కిరించడానికైనా అది ఉండాలి కదా.

కాసేపటికి తనే అంది. "పోనీలేరా. నా ఉపవాసం ఊరికే పోలేదు. నీకు చేరింది."

"నాది ఉపవాసం కాదు. వైద్య సలహా."

"పగలు మంచినీళ్ళు, రాత్రి ఒక పూట. దాన్ని ఏమన్నా అనుకో."

సంధ్యవేళ ఇద్దరం బాల్కనీలో కూర్చున్నాం. కింద సెల్లారులో పోటు నీళ్ళ చప్పుడు. ఆవిడ చేతిలో చెంచాడు బ్రాందీ, నా ముందు ఖాళీ కంచం. అన్నం, వంకాయ కూర, చారు, అన్నీ పక్కనే గిన్నెల్లో. గరిటె మాత్రం ఆవిడ ఒళ్ళో.

"వడ్డించు. వేళైంది."

"చుక్క రానీ."

"గడియారం చూడు, చాలు."

"గడియారం చూసి వడ్డించడానికి ఇది పన్నెండో అంతస్తు క్యాంటీను అనుకున్నావా?"

ఆకాశమంతా మబ్బు. నాకు కడుపులో మంట. డెబ్భై తొమ్మిదేళ్ళ నాస్తికుణ్ణి, తూర్పు నుంచి పడమటి దాకా ఒక్క చుక్క కోసం వెతికాను. లేదు. సముద్రం మీద కంపెనీ కుండ దీపం లేచి, మబ్బు కింద మెల్లగా మా వైపు వచ్చింది.

"అదిగో" అన్నాను.

అక్కయ్య కళ్ళజోడు సర్దుకుంది. "అది దొంగ చుక్కరా. కదులుతోంది."

"చుక్కలు కూడా కదులుతాయి. ఖగోళశాస్త్రం."

దాని వైపు కాసేపు, నా వైపు కాసేపు చూసింది. చెంచాడు బ్రాందీ గుటకేసి, గరిటె అందుకుంది.

"నీ శాస్త్రం ఇన్నాళ్ళకి అన్నం దగ్గర పనికొచ్చింది" అంది. "కంచం ఇలా జరుపు."